మూర్ఛ అని చెప్పాను

మా తమ్ముడు కొబ్బరి దింపులు తీసేవాడు. రాజోలు చుట్టుపక్కల ఎంత ఎత్తు చెట్టయినా వాడికో లెక్క కాదు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. ఓ రోజు గట్టు తగాదాలో పక్క తోట ఆయన పోయిన మా అమ్మని ఏదో మాట అన్నారని, నడుముకున్న కత్తి తీసి ఆయన చేతిమీద వేశాడు. ఆ చేతి రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు.

కేసు అమలాపురం కోర్టుకి వెళ్ళింది. "చిన్నప్పట్నుంచీ మూర్ఛ ఉంది, వచ్చినప్పుడు ఒళ్ళు తెలీదని చెప్పండమ్మా. డాక్టరు చీటీ సంగతి నేను చూసుకుంటాను. మీరు టీచరుగారు, మీ మాట నమ్ముతారు" అన్నారు ప్లీడరుగారు. తమ్ముడు వద్దన్నాడు. "ఒళ్ళు తెలిసే కొట్టేనక్కా. ఎత్తిన చెయ్యి ఆపుకోవచ్చని కూడా తెలుసు నాకు." నోర్మూసుకోమన్నాను. వాడు జైలుకి పోతే నాకింకెవరున్నారు? బోనెక్కి, కళ్ళు కూడా తుడుచుకుని, మూర్ఛ అని చెప్పాను. వాణ్ణి వదిలేశారు.

మూర్ఛ ఉన్నవాణ్ణి చెట్టెవరు ఎక్కిస్తారు? పదిమందికి పాఠాలు చెప్పేదాన్ని, ఆ ముక్క నాకు తట్టలేదు, నా బుద్ధి గడ్డి తిని. దింపులకి పిలవడం మానేశారు. తిట్టడమూ మానేశారు. వాడు గుమ్మంలోకొస్తే ఆడవాళ్ళు కత్తిపీట పక్కకి జరిపి, జాలిగా మంచినీళ్ళిచ్చేవారు. వాడు నాతోనూ మాట తగ్గించేశాడు. ఎవరికోసం అబద్ధమాడానో వాడే నాకు లేకుండా పోయాడు.

ఏడాది తరవాత ఓ సాయంత్రం వాడు ఆ తోటాయన దగ్గరికి వెళ్ళి, "తెలిసే కొట్టేనండి, తప్పు నాదేనండి" అన్నాడట. ఆయన కోప్పడలేదట. ఆ ముడుచుకోని వేళ్ళతోనే వీపు నిమిరి, "నీ తప్పేముంది బాబూ, జబ్బు చేయించింది. ఇంటికెళ్ళి పడుకో" అన్నారట.

ఇంటికొచ్చి నా ఎదురుగా నిలబడి, ఇదంతా చెప్పాడు. "నువ్వైనా నన్ను తిట్టక్కా. కొట్టింది నేనేనని ఒక్కసారి అను."

తిట్టాలనే ఉంది. ఆ వేళ్ళు చూసినప్పటినుంచీ వాడిమీద నాకు ఒళ్ళు మండిపోతూనే ఉంది. కాని దడి అవతల పక్కింటావిడ ఆరిన బట్టలు తీస్తోంది. ఆవిడ వింటే నా కోర్టు సాక్ష్యం ఏమవుతుంది?

"మాత్ర వేసుకున్నావా?" అన్నాను, ఆవిడకి వినబడేలా.

వాడు దడి వైపు ఓసారి చూశాడు.

"ఆయ్, వేసుకున్నానండి" అన్నాడు.

నన్ను వాడు అండీ అనడం అదే మొదలు. మళ్ళీ ఎప్పుడూ అక్కా అనలేదు.