మౌస్ బటన్లు తిప్పిన నాజియా

రాప్తాడు నాజియాకు కుడిచేతి చూపుడు వేలు లేదు. పద్నాలుగో ఏట శెనక్కాయలు వలిచే మిషన్లో పడి తెగిపోయింది. అప్పటినుంచి రాతకోతలన్నీ ఎడమచేత్తోనే. 2003లో డిగ్రీ అయ్యాక అనంతపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో చేరింది.

మొదటిరోజే మౌస్‌ను ఎడమపక్కకు జరుపుకుంది. తీరా చూస్తే ఎడమచేతి చూపుడు వేలి కిందికి కుడి బటన్ వచ్చింది, మాటిమాటికీ నొక్కాల్సిన ఎడమ బటన్ పక్కకు పోయింది. ఏది నొక్కాలన్నా పక్క వేళ్ళతో తంటాలే. బటన్లు అటూ ఇటూ మార్చమని పాఠం చెప్పే లక్ష్మీపతి సారును అడిగింది.

"నీ ఒక్కదాని కోసరం సెట్టింగులు మార్చేకి ఇదేమన్నా మీ ఇల్లా? అందరూ ఎట్ల చేస్తాండారో అట్లే చెయ్యి."

"అందరికీ పది వేళ్ళుండాయి సార్."

"నోరెక్కువ నీకు," అన్నాడాయన. క్లాసంతా నవ్వింది.

నాజియాకు ఒళ్ళు మండిపోయింది. వేలు తెగిన రోజు కూడా ఆమె ఇంత రగిలిపోలేదు.

ల్యాబులో ఉన్నవి లైనక్స్ మిషన్లు. తెరమీది కిటికీలనూ మౌస్‌నూ నడిపేది ఎక్స్ విండో. దాని గురించిన లావుపాటి పుస్తకం బీరువాలో దుమ్ము పట్టి ఉంటే తీసి చదివింది. బటన్ల వరస చెప్పే ఫంక్షన్ ఒకటుంది, వరస మార్చే ఫంక్షన్ ఇంకొకటుంది. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అని ఉన్నదాన్ని మూడు, రెండు, ఒకటి అని పంపితే చాలు. డిగ్రీలో నేర్చుకున్న సి భాషలో ఇరవై లైన్ల ప్రోగ్రాం రాసింది. నడిపితే మారలేదు. 'బిజీ' అని జవాబొచ్చింది. పుస్తకం మళ్ళీ తిరగేసింది. మార్చబోయే బటన్‌ను ఎవరైనా నొక్కి పట్టుకుని ఉంటే మారదట. చూసుకుంటే తన వేలే దానిమీద బిగుసుకుని ఉంది. వేలు తీసి మళ్ళీ నడిపింది. మారింది! తను లేచి వెళ్ళేటప్పుడు పాత వరసే తిరిగొచ్చేట్టు ఇంకో నాలుగు లైన్లు చేర్చింది.

ప్రోగ్రాం నడిచిన నాలుగోరోజు సారు కనిపెట్టాడు.

"మిషన్ చెడగొట్టినావు!"

"నేను పోతానే మొదటి మాదిరే అయితాది సార్. చూడండి."

ఆయన చూడలేదు. క్షమాపణ రాసిచ్చేదాకా రావద్దని బయటికి పంపేశాడు. నాజియా రాయలేదు.

పన్నెండు రోజుల తర్వాత, ఆమె పక్కన కూర్చునే సరళ ఇంటికొచ్చింది.

"ఎడమచేతివాటం పిల్లోళ్ళు ఇద్దరు కొత్తగా చేరినారే. నీ ప్రోగ్రామే అన్ని మిషన్లలో పెట్టినారు. పైన సారు పేరుండాది."

మర్నాడు నాజియా నేరుగా ల్యాబులోకి నడిచి, అందరి ముందే ఆ ప్రోగ్రాం ఫైలు తెరిచింది.

"చెడగొట్టింది నేనైతే మీ పేరెందుకు సార్ ఈడ?"

"సెంటర్లో రాసింది సెంటర్దే."

"సెంటర్ పేరు యాడుండాది? ఉండేది మీ పేరు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సారు హాజరు పట్టీలో తలదూర్చాడు. ఆమె ఆ పేరు చెరిపి 'షేక్ నాజియా, రాప్తాడు' అని కొట్టింది. పదకొండు మిషన్లలోనూ ఒక్కొక్కదాని ముందు కూర్చుని మార్చింది.

క్షమాపణ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాజియా కోర్సు పూర్తిచేసింది. సర్టిఫికెట్ అందిస్తూ సారు ఏదో మంచిమాట చెప్పబోయాడు. ఆమె వినకుండానే కాగితం అందుకుని మెట్లు దిగింది.