కడవలో మిగిలిన నీళ్లు

ఈ రోజు మా కాశిబుగ్గ సర్కారు బడిలో సాయంత్రం దాకా తాగే నీళ్లు సరిపోయాయి. ఎండలు ముదిరి వారం రోజులుగా మధ్యాహ్నానికే కడవలు ఖాళీ అవుతుంటే, పిల్లలు పారబోస్తున్నారని వాళ్లను తిడుతూ వచ్చాను.

పొద్దున నీళ్లు మోసే ఎల్లమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మాలవాడ పిల్లల్ని ముంత ముట్టనియ్యక దోసిట్ల పైకెల్లి పోస్తున్నం గద పంతులమ్మా, సగం నేలపాలైతున్నయి. ముంత వాళ్ల చేతికే ఇయ్యుర్రి" అన్నది.

ఎవరేమంటారోనని భయం వేసింది. అయినా ఇచ్చాను. మధ్యాహ్నం మనవరాలి కోసం వచ్చిన ఒక నేతపని తాత, వాడ పిల్ల కడవలో ముంత ముంచడం చూసి ఆగిపోయాడు. ఇక గొడవ తప్పదనుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"జర ఆ ముంత ఇటియ్యి బిడ్డా, ఎండల వడి వచ్చిన."

ఆ పిల్ల చేతిలోంచే తీసుకుని గటగటా తాగాడు. నా వైపు చూసి, "ఫికర్ జెయ్యకుర్రి పంతులమ్మా, నీళ్లు సల్లగున్నయి" అన్నాడు.

నాకు ప్రాణం లేచివచ్చింది. వారమంతా పిల్లల్ని తిట్టాను గానీ, నీళ్లు నేలపాలు చేసింది పెద్దవాళ్లం మేమే. మీ బడుల్లో ముంత ఎవరి చేతిలో ఉందో మీరూ చెప్పండి.