పచ్చి పిండి నీళ్ల రుచి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, పదవీ విరమణ దగ్గరపడుతున్న రోజుల్లో, బోధనాసుపత్రిలో పిల్లల వైద్య విభాగాధిపతిగా ఉన్న నాకు ఒక క్లినికల్ పరిశోధన అప్పగించారు. హోదా: ముఖ్య పరిశోధకుడు. ఆ మేరకు నా మెడ కూడా కొంచెం నిక్కింది.

జబ్బు పేరు గ్లైకోజన్ నిల్వ వ్యాధి. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే బిడ్డకు వస్తుంది, చాలా అరుదు. కాలేయం చక్కెరను దాచుకుంటుంది గాని అవసరానికి విడుదల చేయలేదు. కొన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంటే చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు. అందుకే ఈ పిల్లలకు పచ్చి మొక్కజొన్న పిండిని చన్నీళ్లలో కలిపి వేళ తప్పకుండా తాగిస్తారు. అది నెమ్మదిగా అరుగుతూ చక్కెరను నిలబెడుతుంది. ఇంకా ఎక్కువసేపు నిలబెడుతుందని చెబుతున్న ఒక కొత్తరకం పిండిని పరీక్షించడం మా పని. ఎవరికి ఏ పిండి వెళుతోందో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు.

సఖినేటిపల్లి నుంచి పరిశోధనలో చేరిన హాసినికి ఐదేళ్లు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. తల్లి దుర్గ ఒకరోజు ఫోన్ చేసింది.

“పిల్ల నోరు తెరవట్లేదండీ. కాస్త యాలకుల పొడైనా కలపచ్చాండీ?”

కుదరదన్నాను. పరిశోధన నియమావళిలో నీళ్లు తప్ప ఏదీ కలపకూడదని ఉంది. రాసింది నేనే.

తాగడం మానేస్తే ప్రమాదం పిల్లకే. వెంటనే బొమ్మల అట్టలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. కాలేయం గురించి నా ఉపన్యాసం ఎంత రక్తి కట్టిందంటే, పాప మధ్యలోనే మంచం కిందికి దూరింది. అక్కణ్ణుంచే అడిగింది: “నువ్వెప్పుడైనా తాగేవా తాతా?”

సర్వీసంతా ఆ పిండి తాగమని చెప్పినవాణ్ణి, ఒక్క గుటక వేసి ఎరగను. పరిశోధన పొట్లాలు నేను ముట్టకూడదు కనుక, ఇంట్లో ఉన్న మామూలు పిండి కలిపి ఇమ్మన్నాను. నోట్లో పోసుకోగానే తడి సుద్దలా నాలుకకు అతుక్కుంది. మింగుడుపడక సగం చొక్కా మీద పోసుకున్నాను.

“ఆయ్, రోజూ దీని అవస్థ ఇదేనండీ” అంటూ దుర్గ తువ్వాలు అందించింది.

పాప బయటికొచ్చి పడీపడీ నవ్వింది. నేను ఎలాగో గ్లాసు ఖాళీ చేశాక, తన పొట్లం కలిపించుకుని, ముక్కు మూసుకుని తాగేసింది. అది నా ఉపన్యాస ఫలితమని నివేదికలో రాయడానికి చెయ్యి రాలేదు.

చిటికెడు యాలకుల పొడి వల్ల ఫలితాలు మారవని నిర్ధారించుకుని, నియమావళి సవరణ కోసం ఎథిక్స్ కమిటీ ముందు నిలబడ్డాను. ఇన్నాళ్లకు ఈ అవసరం ఎందుకొచ్చిందని అధ్యక్షురాలు అడిగారు.

“తాగి చూశానండీ” అన్నాను.

“ఇప్పుడా?” అన్నారావిడ.

సవరణ మంజూరైంది. హాసిని చివరిదాకా పరిశోధనలో కొనసాగింది. కొత్త పిండి పాతదానికన్నా మెరుగని మాత్రం తేలలేదు. ఆ మాట దుర్గకు ఫోన్‌లో చెప్పాను. “పోన్లెండి, పాతదైనా ఇప్పుడు పేచీ లేకుండా తాగుతోంది కదండీ” అంది.

పిల్లల చేత తాగించేదేదైనా, నియమాలు రాసేవాడు ముందుగా తాగి చూడాలి. వైద్య విద్యార్థికి మొదటి ఏడే చెప్పాల్సిన సంగతి ఇది. నాకు తెలిసేసరికి విభాగాధిపతినై, రిటైర్మెంటు కాగితాలు కూడా సిద్ధం చేసుకుంటున్నాను.