చీటీలో కపాత్

నిన్న ఒక కార్మికుడు సంతకం పెట్టడానికి నా బల్ల మీద చేయి ఆనించాడు. గోళ్ల సందుల్లో నీలం రంగు, చేతి నుంచి తడి బట్టా సోడా కలిసిన వాసన. రంగుల మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఆ వాసన ఎంత సబ్బు రుద్దినా పోదు. మల్లేశం కాక గుర్తొచ్చాడు. నేను తలెత్తలేకపోయాను.

కాకది మా సిరిసిల్ల వైపే, నాలాగే పొట్టకూటికి గుజరాత్ వచ్చినవాడు. నేను పాండేసరలో కాక పనిచేసే రంగుల మిల్లు ఆఫీసులో జీతాల గుమాస్తాగా చేరిన రోజు మిషన్ల మధ్య తిరుగుతూ అందరికీ మిఠాయి పంచాడు. "మనోడు కుర్చీల కూసున్నడు, ఇగ మనకు ఫికర్ లేదు" అని ఒకటే సంబరం. చుట్టరికం ఏమీ లేదు. అయినా నాకు చెప్పకుండా ఒక్క కాగితం మీద వేలిముద్ర వేసేవాడు కాదు.

జీతం చీటీలో పీఎఫ్ కోతను గుజరాతీలో 'కపాత్' అని అచ్చువేసేవాళ్లం. నేను చదివి వినిపిస్తే కాక మొహం చిట్లించాడు.

"ఏంది బిడ్డా, చీటీల కపటం అని రాసిన్రు?"

నేను పడీపడీ నవ్వాను. "కపటం కాదు కాకా, కపాత్. కోత అన్నట్టు. నీ పైసలే, సర్కారు కాడ జమైతయి. సేఠ్ గూడ తన వాటా కలుపుతడు."

"గట్లనా! జర చూస్కో మరి. మీ చిన్నమ్మకు మోకాళ్ల ఆపరేషన్ చేపియ్యాలె."

మరుసటేడు గిరాకీ పడిపోయింది. పీఎఫ్ చలాను కట్టొద్దని సేఠ్ అన్నాడు. కోత మాత్రం ఆగలేదు. నెలనెలా ఆ చీటీలు అచ్చువేసింది నేనే. కాక కిటికీ దగ్గరికొచ్చి "కట్టినవా బిడ్డా?" అని అడిగేవాడు. "కట్టిన కాకా" అనేవాణ్ని. మొదటిసారి చీటీల కట్ట సర్దుతూ అన్నాను. మూడో నెలకు అలవాటైంది. ఉద్యోగం పోతుందని భయం, అంతే. చెప్పుకోవడానికి ఇంకో కారణం లేదు.

ఆపరేషన్ కుదిరాక కాక డబ్బు తీసుకోబోతే ఖాతాలో రెండేళ్లుగా జమే లేదన్నారు. ఫిర్యాదు వెళ్లింది, తనిఖీ అధికారి వచ్చాడు. బకాయి మీద వడ్డీ, దాని మీద జరిమానా పడ్డాయి. మిల్లు బ్యాంకు ఖాతా స్తంభించింది, సేఠ్ మీద కేసు నమోదైంది. ఆ అధికారి కాకను అడిగాడు, కడుతున్నామని నీకు చెప్పిందెవరని. నేను పక్కనే ఉన్నాను. కాక నావైపు ఒకసారి చూశాడు.

"యాద్ నహీ సాబ్" అన్నాడు, గుర్తులేదని.

బయటికొచ్చాక కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగాడు. "నీకు చిన్న పిల్లలున్నరని ఊకున్న. ఇగ నాతోని మాట్లాడకు" అన్నాడు.

డబ్బు వచ్చింది, కానీ ఆలస్యంగా. అప్పటికి చిన్నమ్మ మోకాళ్లు ఆపరేషన్‌కు కూడా లొంగని స్థితికి వచ్చాయి. ఇప్పుడు నేను కడోదరాలో ఇంకో కారఖానాలో జీతాలు చూస్తున్నాను. పీఎఫ్ జమైనట్టు ఫోనులో చూపించాకే ఎవరి చేతైనా సంతకం పెట్టించుకుంటాను. నిజాయితీపరుణ్నని అందరూ మెచ్చుకుంటారు. ఆ మాట వింటే సిగ్గుతో చచ్చిపోతాను.

పోయిన నెల ఉన్ అనే పేట బజారులో వాళ్లిద్దరూ ఎదురయ్యారు. కాక మొహం తిప్పుకున్నాడు. చిన్నమ్మ మాత్రం కర్ర మీద వాలి, నా చేయి పట్టుకుంది.

"బాగున్నవా బిడ్డా? గా దొంగల మిల్లుల నువ్వొక్కడివన్న మనోడివి ఉంటివి."

కాక ఆమెకు కూడా చెప్పలేదు. చెప్పాల్సింది నేను. "బాగున్న చిన్నమ్మా" అన్నాను.