ప్రెసిడెంటు దివాకర్ ఒకరోజు దీక్ష

దివాకర్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. మల్లాపూర్‌లో పుట్టాడు. తప్పుతూ తప్పుతూ డిగ్రీ గట్టెక్కాడు. ఇన్సూరెన్స్ ఏజెంటుగా జగిత్యాలలో సగం మందిని చావు పేరు చెప్పి బెదిరించి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు. ధర్మపురి రోడ్డులో మా అపార్ట్‌మెంట్ కట్టగానే మొదటి అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. ఇలాంటివాళ్లు ఏ ఊళ్లో చూసినా దొరుకుతారు. కానీ ఇతను మా అసోసియేషన్ ప్రెసిడెంటు. ఎన్నిక అంటూ ఏమీ జరగలేదు. మొదటి మీటింగు నాడు సెల్లార్‌లో కుర్చీ ఒక్కటే ఉంది. మిగతావాళ్లం జంపఖానా మీద సర్దుకుంటుంటే అతను పోయి ఆ కుర్చీలో కూర్చున్నాడు. అప్పటి నుంచి లేవలేదు.

నా పేరు రాజలక్ష్మి. సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరయ్యాను. అద్దె ఇళ్ల ఓనర్లతో వేగలేక, ఉన్నదంతా పోసి మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నాను. అపార్ట్‌మెంట్‌లో సుఖం లేదని నేననను. తలుపుకు తాళం పెట్టి కొండగట్టుకు పోయి రెండు రోజులుండి వచ్చినా గుండె దడ ఉండదు. పాల ప్యాకెట్ గుమ్మంలోకి వస్తుంది. ఒంట్లో బాగా లేకపోతే కేకేసినంత దూరంలో పన్నెండు సంసారాలుంటాయి. కష్టమేమిటంటే, బాగున్న రోజుల్లో కూడా ఆ పన్నెండు సంసారాలూ అక్కడే ఉంటాయి.

మా వంటింటి కిటికీలన్నీ లోపలి వైపు ఒక ఇరుకు సందులోకి తెరుచుకుంటాయి. బిల్డరు దాన్ని డక్టు అన్నాడు. గాలి కోసమన్నాడు. గాలి సంగతి తెలియదు గాని, కింద పోపు పెడితే పైన తుమ్ములొస్తాయి. మొదటి అంతస్తులో దివాకర్ వంటిల్లు, దాని ఎదురుగా బాలమ్మ వంటిల్లు. దివాకర్ నెత్తి మీద సర్వర్ బీ. ఆమె మీద నేను. నా మీద రాజం సారు. నా వంటింట్లో నిలబడితే కింద మూడిళ్లలో ఏం ఉడుకుతోందో, ఎవరు ఎవరిని ఏమంటున్నారో అడగకుండానే తెలిసిపోతుంది. నాకే కాదు, ఆ డక్టు మీద ఉన్న అందరికీ తెలుస్తుంది. తెలియనట్టు ఉండడమే మర్యాద అని అందరం అనుకుంటాం.

సర్వర్ బీ అద్దెకుండేది. భర్త లేడు. జాకెట్లు కుట్టి కూతురు నౌషీన్‌ను డిగ్రీ చదివిస్తోంది. కాలేజీ పక్క వీధిలోనే. తురకోళ్లకు ఇల్లియ్యం అని చెప్పిన ఓనర్ల గడపలన్నీ తొక్కి తొక్కి, చివరికి ఈ ఫ్లాటు దొరికితే, దొరికిందే చాలని వచ్చింది. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందరి జాకెట్లూ ఆమె చేతి మీదుగానే పోయేవి. కొలతలివ్వడానికి అందరూ ఆమె ఇంటికి పోయేవారు. చాయ్ తాగమంటే మాత్రం ఇప్పుడే తాగొచ్చినం అనేవారు.

ఆ ఫ్లాటు మీద దివాకర్ కన్ను పడింది. అతని బామ్మర్ది వెంకటి సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. జగిత్యాలలో బట్టల దుకాణం పెట్టాలని, బావకు దగ్గరగా ఉండాలని అతని ఆశ. ఆ మాట పైకి చెబితే బాగుండదు కదా. అందుకని దివాకర్ కొండగట్టు అంజన్నను అడ్డం పెట్టుకున్నాడు. మాల వేసుకుని వచ్చిన దగ్గర్నుంచి మంగళవారం, శనివారం నీసు ముట్టనని శపథం చేశానని ఊరంతా చాటాడు. ఆ రెండు రోజులూ సర్వర్ బీ ఇంటి నుంచి నీసు వాసన వచ్చి తన నిష్ఠ చెడిపోతోందని మీటింగులో మొదలుపెట్టాడు.

నాకు ఒళ్లు మండింది.

"దివాకర్, వాసన పైకి పోతదా, కిందికి దిగుతదా? ఆమె నీ నెత్తి మీదుంటది. ఆమె వండితే నాకు రావాలె. నీకెట్లొస్తది?" అన్నాను.

"నాకస్తది అక్కా. నేను మాలేసుకున్నోన్ని," అన్నాడు.

అందరూ తలకాయలు ఊపారు. ఎందుకు ఊపారో ఊపినవాళ్లకే తెలియదు. కోరుట్లలో ఉండే ఫ్లాటు ఓనరుకు ఫోన్ చేస్తే, అసోసియేషన్ ఎట్లంటే అట్లనే, నాకు లొల్లి వద్దు అన్నాడు. నెలాఖరు ఆదివారం మీటింగులో తేల్చేద్దామని దివాకర్ ప్రకటించాడు. సర్వర్ బీ ఒక మూల కూర్చుని విన్నది. తనను ఎవరూ ఏమీ అడగలేదు.

అవి సకల జనుల సమ్మె రోజులు. ఆఫీసులు మూతపడ్డాయి, బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోంచి కదలలేదు. సింగరేణిలో బొగ్గు తీయడం ఆపేశారు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు. ఊళ్లో వకీళ్లకో జేఏసీ, దర్జీలకో జేఏసీ, మంగలివాళ్లకో జేఏసీ. ఎవరి టెంటు వాళ్లది, ఎవరి దీక్ష వాళ్లది. నేనూ తెలంగాణ కోసం రోడ్డెక్కినదాన్నే. పోలీసులు తోసేస్తే మోచేయి చెక్కుకుపోయినదాన్నే. అందుకే ఆ తర్వాత జరిగినదాన్ని చూస్తే నాకు మరీ అసహ్యం వేసింది.

మా అపార్ట్‌మెంట్‌కు కూడా ఒక జేఏసీ ఉండాల్సిందేనని దివాకర్ అన్నాడు. చైర్మన్ ఎవరో చెప్పక్కర్లేదు. గేటు ముందర టెంటు వేయించాడు. ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో జై తెలంగాణ అన్న అక్షరాల కంటే దివాకర్ మొహమే పెద్దగా ఉంది. ఫ్లాటు వారీగా వంతులు పెట్టి రిలే నిరాహార దీక్ష అన్నాడు. నీళ్ల మోటారు వంతు దగ్గర కొట్టుకునే జనం ఆకలి వంతులకు మాత్రం బుద్ధిగా ఒప్పుకున్నారు. ఉదయం పూలదండ, సాయంత్రం నిమ్మరసం, మర్నాడు జిల్లా పేపర్లో ఫోటో. ఒప్పుకోక ఏం చేస్తారు?

చివరి రోజు చైర్మన్ వంతు. శనివారం. ఇంటికొకరు వచ్చి టెంటులో సంఘీభావంగా కూర్చోవాలని హుకుం. కేబుల్ టీవీ వాళ్లను, పట్టణ జేఏసీ నుంచి ఒక పెద్దమనిషిని సాయంత్రానికి రమ్మన్నాడు. బొట్టు పెట్టుకుని, మెడలో దండ వేసుకుని, మొహంలో అప్పుడే ఆకలి తెచ్చుకుని పొద్దున్నే కూర్చున్నాడు. సర్వర్ బీ కూడా వచ్చి ఆడవాళ్ల వైపు చివరన కూర్చుంది. రంజాన్ తర్వాత నెలలో ఉండే ఆరు రోజాలు ఆమె, నౌషీన్ ఉంటున్నారని నాకు తెలుసు. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ సంగతి ఆమె అక్కడ ఎవరికీ చెప్పుకోలేదు.

బస్సుల్లేవు కాబట్టి వెంకటి సిరిసిల్ల నుంచి మోటారు సైకిల్ మీద దిగాడు, బావ దీక్ష చూడటానికి. ఊరికే రాలేదు. మానేరు కొర్రమట్టలు సంచి నిండా తెచ్చాడు. తెచ్చాడు సరే, తెల్లవారుజామున పోయిన కరెంటు మధ్యాహ్నమైనా రాలేదు. ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. చేపలు ఆగవు. దివాకర్ భార్య మనీషా ఏం చేస్తుంది పాపం, బాణలి పెట్టింది.

నేను మోకాళ్ల నొప్పికి మాత్ర వేసుకుందామని పైకొచ్చాను. వంటింట్లో అడుగు పెట్టానో లేదో, అల్లం వెల్లుల్లి కారం పట్టించిన చేప నూనెలో వేగుతున్న వాసన డక్టులోంచి గుప్పుమంది. కరెంటు లేదు కాబట్టి ఫ్యాన్ల రొద కూడా లేదు. మాటలు నా పక్కన నిలబడి మాట్లాడినంత స్పష్టంగా పైకొచ్చాయి.

"జల్ది పెట్టు, బాత్రూంకని చెప్పచ్చిన."

"ఇయ్యాల శనారం గదనయ్యా!"

"దీక్షల ఉన్నోనికి శనారమేంది, మంగళారమేంది? గా తోక ముక్క ఎయ్యి. జర ఉప్పు తక్కువైంది."

బాత్రూంకని అతను ఆ పగలు మళ్లీ మళ్లీ పైకి పోయాడు. దిగినప్పుడల్లా నోట్లో సోంపు నములుతూ దిగాడు. నీరసం నటిస్తూ టెంటు గుంజ పట్టుకుని కూర్చునేవాడు. బాలమ్మ విసనకర్రతో విసిరింది.

సాయంత్రం ఐదింటికి పెద్దమనిషి వచ్చాడు. కేబుల్ కుర్రవాడు మైకు పట్టుకుని దివాకర్ మొహం దగ్గరికి వంగాడు. వంగినవాడు ముక్కు చిట్లించాడు.

"అన్నా, చేపల వాసన అస్తున్నదేంది?"

దివాకర్ చేత్తో మూతి తుడుచుకున్నాడు. తర్వాత చూడాలి అతని ధైర్యం. చేయెత్తి రెండో అంతస్తు కేసి చూపించాడు.

"గదే తమ్మీ నా బాధ. కింద మనిషి కడుపు కాల్చుకొని సస్తుంటే, పైన చేపలు ఏపుకుంటున్నరు. ఉద్యమం అంటె సుత లెక్కలేదు. గసొంటోళ్లు మన నడుమ ఉండుడు మన ఖర్మ. రేపటి మీటింగుల తేలుస్తం."

సర్వర్ బీ అతని కేసి తిరిగింది. పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి. "నేను పొద్దుగాల నుంచి గీడనే ఉన్న గద భయ్యా," అంది.

"ఇంట్ల నీ బిడ్డ ఉన్నది గద!" అన్నాడు దివాకర్.

ఇంక నేనాగలేదు. లేచి నిలబడ్డాను. "ఆ ఇంట్ల పొయ్యి అంటియ్యలే. తల్లీ బిడ్డలిద్దరు రోజా ఉన్నరు. చేపలు ఏగింది నీ ఇంట్ల దివాకర్. తోక ముక్క తిన్నది నువ్వు. ఉప్పు తక్కువైందన్నది నువ్వు. నా చెవులతోని విన్న," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. దివాకర్ కూడా నవ్వాడు. "అక్కకు వయసైంది. గామెతోని దోస్తానా ఎక్కువ," అన్నాడు.

నేను రాజం సారు వైపు తిరిగాను. నలభై ఏళ్లు పిల్లలకు సత్యం పలకమని చెప్పిన మనిషి. మధ్యాహ్నం నా పై కిటికీలోంచి తల బయటపెట్టి డక్టులోకి తొంగి చూడటం నేను చూశాను. "సారూ, మీకు రాలేదా వాసన? చెప్పున్రి."

"నాకు పడిశం పట్టిందమ్మా," అన్నాడు, పొద్దున్నుంచి ఒక్కసారి కూడా తుమ్మని సారు.

బాలమ్మను అడిగాను. దివాకర్ బాణలికీ ఆమె కిటికీకీ మధ్య చేయి చాపితే అందేంత దూరం. "మా కిటికీ ఎప్పుడు మూసే ఉంటది," అని విసనకర్ర ఇంకొంచెం గట్టిగా విసిరింది. మిగతావాళ్లు ఫోన్లు చూసుకున్నారు. బాల్కనీలో నిలబడ్డ మనీషా లోపలికి పోయి తలుపేసుకుంది.

పెద్దమనిషికి ఇంకా చాలా టెంట్లున్నాయి. గొడవ వద్దమ్మా, అందరం ఒక్కటిగా ఉండాలె అంటూ గబగబా నిమ్మరసం గ్లాసు దివాకర్ నోటికి పెట్టాడు. దివాకర్ కళ్లు మూసుకుని గటగటా తాగాడు, రోజంతా ఎడారిలో నడిచొచ్చినట్టు. చప్పట్లు మోగాయి. తర్వాత గ్లాసులు వరసగా అందరికీ వచ్చాయి. సర్వర్ బీ ముందుకు కూడా ఒకటి వచ్చింది.

"నాకింక అజా కాలే, పొద్దు గూకలే," అంది ఆమె, గ్లాసు పక్కవాళ్లకు అందించి. అప్పటికి కుర్రవాడు కెమెరా మూసేశాడు. ఆ రాత్రి కేబుల్‌లో దివాకర్ గుటకలు మాత్రం తెగ చూపించారు.

మర్నాడు మీటింగులో దివాకర్ మారిన మనిషిలా మాట్లాడాడు. నా నోటికి జంకాడో, వెంకటి దుకాణం సమ్మె అయ్యేదాకా తెరిచేది లేదని లెక్క వేసుకున్నాడో. "మానవత్వం అంటూ ఒకటుంటది. ఆర్నెల్లు ఉండనిద్దాం. మంగళ, శనివారాలు మాత్రం చూస్కోవాలె," అన్నాడు. అందరూ మళ్లీ తలకాయలు ఊపారు. బాలమ్మ కళ్లు తుడుచుకుంది కూడా. రాజం సారు, మన దివాకర్ మనసు వెన్న అన్నాడు. వీళ్లను మనుషులనడానికి నాకు నోరు రాదు.

సర్వర్ బీ మీటింగుకు రాలేదు. పైకి పోతే మూటలు కడుతోంది. కోరుట్లలో చెల్లెలు రుఖయ్యా ఇంటి వెనక ఒక గది ఉందట. కింద ట్రాలీ ఆటో ఆగి ఉంది. కుట్టిన జాకెట్లన్నీ ఎవరివి వాళ్లకు మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది. నౌషీన్ పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతూ ఒక్కసారి కూడా తలెత్తలేదు. సమ్మె అయ్యాక ఆ పిల్ల కోరుట్ల నుంచి రోజూ బస్సులో రావాలి. వస్తుందో, చదువే మానుకుంటుందో.

"ఉండమంటున్నరు గదా సర్వర్ బీ. ఎందుకు పోతున్నవ్? బిడ్డ చదువన్న చూడు," అన్నాను.

ఆమె మూట ముడి వేసి నా వైపు చూసింది.

"బిడ్డను చూసే పోతున్న అక్కా. నిన్న వాసన అందరి ముక్కుకు అందింది. నువ్వు తప్ప ఒక్కరు నోరు తెరువలే. రేపు నేను లేనప్పుడు నా బిడ్డ ఇంట్ల నుంచి కేకేస్తే, అది సుత అందరికి ఇనబడ్తది. ఇనబడ్తది, గంతే."