తాతయ్య ఎడమ చెయ్యి

గుడివాడలో నేను అద్దెకుంటున్న గదిలో, ఉడికిన బంగాళాదుంపల నీళ్లు వంపేటప్పుడు లేచే ఆ మట్టివాసన ఆవిరి నన్ను ఇప్పటికీ బందరులో, రేవు పక్కనున్న మా తాతయ్య ఇంటికి తీసుకుపోతుంది.

తాతయ్య కిడ్నీలు పాడయ్యాక మా వంటిల్లే మారిపోయింది. వేసవిలో చూరు కింద దండలుగా వేలాడే ఉప్పుచేపలు మాయమయ్యాయి. నాయనమ్మ కూరముక్కలు ఉడకబెట్టి, ఆయనకి పడని లవణాలు పోయేలా ఆ నీళ్లు పారబోశాకే పోపు వేసేది. నీళ్లు కూడా కొలిచే తాగాలి కాబట్టి, గొంతు తడారిపోతోందని ఆయన గొణిగితే చిన్న ఐసుముక్క నోట్లో పెట్టేది. పరామర్శకు వచ్చినవాళ్లు ప్రేమగా తెచ్చిన కొబ్బరిబోండాలు ఆయనకి పడవు కాబట్టి పిల్లలం మేమే తాగేవాళ్లం. ఇవన్నీ మాకు నేర్పింది ఎదురింటి రహీమా పిన్ని, ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు నర్సు. డ్యూటీ దిగి వస్తూ తాతయ్య కాలు బొటనవేలితో నొక్కి, పడ్డ గుంట పూడకపోతే, "మళ్లీ మజ్జిగ తాగావు బాబాయ్, నీ కాలే చెప్తోంది" అనేది.

రక్తం శుద్ధిచేసే మిషను సూదులు గుచ్చడానికి వీలుగా ఆయన ఎడమ మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ అరచెయ్యి ఆనిస్తే, దూరంగా ఇంజను పడవ వెళ్తున్నట్టు సన్నగా అదిరేది. ఆ అదురు ఆగితే ప్రమాదమని చెప్పి, రోజూ పొద్దున్నే చూసే పని పిన్ని నాకిచ్చింది. నలుగురిలో మాట్లాడాలంటే నాకు బెరుకు; నోరు విప్పక్కర్లేని పని కనుక ఎంతో ఇష్టం.

చిక్కల్లా తాతయ్య నిద్రతోనే. పడవ చెక్కల మీద ఎడమ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకోవడం ఆయనకి జన్మంతా అలవాటు.

"అది ఇంక తలగడ కాదు బాబాయ్, బరువు పడితే రక్తం ఆగిపోద్ది" అని పిన్ని పోరేది.

"పడవలో పెరిగినోణ్ణి, దిండేస్తే నిద్దరెట్టా పట్టుద్దే?" అనేవాడు.

ఒక రంజాన్ పండగ పొద్దున నా అరచేతికి ఏమీ తగల్లేదు. రెండో చెయ్యీ పెట్టి చూశాను. లేదు. పిన్ని ఇల్లు చుట్టాలతో, అత్తరు వాసనతో, సేమ్యా మరిగే పాల వాసనతో నిండిపోయి ఉంది. మామూలుగా అయితే ఆ గుమ్మం తొక్కేదాన్ని కాదు. అంతమంది మధ్యలో నిలబడి, "పిన్నీ, తాతయ్య చెయ్యి అదరట్లేదు" అన్నాను.

అప్పుడే తినబోతున్న పళ్లెం ఎవరికో ఇచ్చేసి పిన్ని కొత్త చీరలోనే పరుగెత్తుకొచ్చింది. తడిమి చూసింది, చెవి ఆనించి వింది. "గడ్డకట్టింది. ఆలస్యమైతే ఈ చెయ్యి పనికిరాదు" అంటూ కారు పిలిపించి, తనూ ఎక్కి విజయవాడ తీసుకెళ్లింది. గడ్డ తీయించుకుని మర్నాడు తిరిగొచ్చిన తాతయ్య, అడక్కుండానే చెయ్యి చాపాడు. ఇంజను నడుస్తోంది.

నేను ఇంటర్ పాసయ్యేదాకా ఆయన ఉన్నాడు. ఆ ఏళ్లన్నీ పిన్ని మాకిచ్చినవే.

ఇప్పుడు రేవు దగ్గర ఆ రెండిళ్లూ లేవు. పిన్ని కూతురి దగ్గరికి అవనిగడ్డ వెళ్లిపోయింది. నేను నర్సింగ్ చదువుతున్నాను. మొన్న రంజాన్ పండగ పూట ఫోన్ చేస్తే, "ఏమ్మా, ఏమన్నా అయిందా?" అంది కంగారుగా.

"ఏం లేదు పిన్నీ. ఈ పండక్కైనా కూర్చుని తింటున్నావో లేదో అని."