గోదావరి మీద విడిచిన ఉపవాసం

మా అత్తగారిది యానాం. మావారి ఉద్యోగం వల్ల పెళ్ళయిన నెలకే ముమ్మిడివరంలో కాపురం పెట్టాం. అక్కడి కతోలిక గుడి పండగకి కొత్తకోడలు తప్పకుండా రావాలని, చుట్టాలందరి ఎదుటా తన పక్కన, పూజలో గురువులు నాలుక మీద పెట్టే సత్ప్రసాదం అందుకోవాలని అత్తయ్యగారు కబురు పెట్టారు. అందుకునేవాళ్ళు ముందురోజు అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. పండగనాడు అందరూ లేచి వెళ్ళాక ఎవరైనా కూర్చుండిపోతే, ఏ పాపం చేసిందోనని గుసగుసలు మొదలవుతాయి. నలుగురిలో తలెత్తలేని నాకు ఆ భయం మరీ ఎక్కువ.

ముమ్మిడివరంలో తెల్లవారుజాము బస్సు ఎక్కితే పొద్దెక్కేలోగా ఎదుర్లంక రేవులో దిగవచ్చు. అవతలి గట్టే యానాం, పడవకి మనిషికి అణా. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక మూటలు విప్పించే సోదాలు కూడా లేవు. పడవలో మావారు ఒక చివర, నేను ఒక చివర కూర్చున్నాం.

"ఏవండోయ్ బాబుగారూ, కొత్త పెళ్ళికూతుర్ని అలా వదిలేశారేంటండి? పడవ ఒరిగిపోద్దండి!" అన్నాడు పడవ నడిపే వీర్రాజు. అందరూ నవ్వారు. నా పక్కన అన్నం మూట ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ మాత్రం నవ్వలేదు.

వీర్రాజు గొంతు తగ్గించాడు. "మా పెద్దమ్మండి. కూతురు పురిట్లో పోయింది. మట్టి చేసి మా ఊరు దరియాలతిప్ప తీసుకెళ్తన్నాను. అప్పట్నుంచి మెతుకు ముట్టలేదండి."

ముసలమ్మ నన్నే చూసింది. "అదీ నీ ఈడేనమ్మా. నేను కలిపి పెడితేగానీ తినేది కాదు. ఒక్కదాన్నే తింటే ముద్ద దిగట్లేదు. నువ్వో ముద్ద తిను తల్లీ, నేనూ తింటాను."

మావారు దగ్గరికి జరిగారు. "గుడిలో ఏం చేస్తావ్? మా అమ్మ సంగతి నీకు తెలీదు."

"పోనీ, మీరు తింటారా?"

ఆయన తల దించుకున్నారు. "నేను తింటే ఆవిడకి కూతుర్నవుతానా?"

చిన్నప్పుడు జ్ఞానోపదేశంలో దేవుణ్ణి ప్రేమించాలని, పొరుగువాణ్ణి ప్రేమించాలని వల్లె వేయించారు. ఆ రెండూ ఒకే పడవలో నాకు చెరో పక్కా కూర్చుంటాయని ఎవరూ చెప్పలేదు. చెయ్యి చాచాను. ముసలమ్మ పులుసు కలిపి ముద్ద పెట్టింది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందండి," అన్నాను. అసలు ఉప్పే లేదు. తర్వాతి ముద్ద ఆవిడ నోట్లో పెట్టుకుంది. నమలడం మరిచిపోయినట్టు కాసేపు ఊరుకుని, మింగింది.

గుడి రేవుకి దగ్గరే, నడిచి వెళ్ళాం. సత్ప్రసాదం వేళకి ఆడవాళ్ళంతా వరసగా లేచారు. అత్తయ్యగారు మోచేత్తో పొడిచి, "లే అమ్మాయ్," అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఒక్కరే వెళ్ళారు. వెనక్కి తిరిగి చూసిన ముఖాల్ని తట్టుకోలేక నేల చూస్తూ ఉండిపోయాను.

బయటికి రాగానే మా పినత్తగారు, "ఏం అక్కా, కోడలు లేవలేదు! ఒంట్లో బాలేదా, ఇంకేమన్నానా?" అన్నారు. అత్తయ్యగారు నన్ను గోడవారకి తీసుకెళ్ళారు.

"ఏం చేశావ్?"

"తిన్నానండి."

జరిగింది చెప్పాను. ఆవిడ కొంగు నడుముకి బిగించి, "పొద్దున నువ్వు తిన్నావు, సరే. మరి మధ్యాహ్నం ఆవిడతో ఎవరు తింటారు?" అన్నారు. పండగ వంటలు క్యారేజీలో సర్దించి, దరియాలతిప్పకి జట్కా మాట్లాడమని మావారిని పంపారు.

ఆ రోజు నేను సత్ప్రసాదం పోగొట్టుకున్నానో లేదో నాకిప్పటికీ తెలియదు. గురువుల్ని అడగడానికి సిగ్గుపడ్డాను. కానీ ఉపవాసం తప్పానని దేవుడి దగ్గర బాధపడిన ప్రతిసారీ, ఆవిడ ముద్ద మింగిన చప్పుడు గుర్తొచ్చి బాధ సగంలోనే ఆగిపోతుంది.

ఆ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: దరియాలతిప్ప వెళ్తే పొద్దుగూకేలోగా తిరిగి రావడం కష్టం, చీకటి పడ్డాక తిరుగు జట్కా దొరకదు. చాప, దుప్పటి వెంట ఉంచుకోండి. మేం తీసుకెళ్ళలేదు. మావారు వీర్రాజు ఇంటి అరుగు మీద పడుకుంటే, ఆ ముసలమ్మ చాప మీద అత్తయ్యగారు, నేను ఆవిడకి చెరో పక్కా సర్దుకున్నాం.